ఏడు పనిముట్ల జాబితా అందింది

అమ్మాయీ,

నువ్వు పంపిన జాబితా రెండుసార్లు చదివాను. మూడెకరాల పొలం, 28 హార్స్‌పవర్ ట్రాక్టరు, దానికి ఏడు పనిముట్లు! తిరిగే బ్లేడ్లతో మట్టిని పొడిచేసే రోటావేటరు, గొర్రు, డిస్కు నాగలి, వెనక బ్లేడు, గడ్డి కోసే స్లాషరు, గుంతలు తవ్వే ఆగరు, ట్రాలీ. ఆ ఉబలాటం నాకు తెలియంది కాదు. నా షెడ్డు వెనక తుప్పు పడుతున్న ఇనుమంతా అలా కొన్నదే.

ముందు రోటావేటరు సంగతి తేల్చేద్దాం. అందరి చూపూ మొదట దానిమీదికే పోతుంది. నీ ఇంజను 28 అన్నా, వెనక పనిముట్టును తిప్పే కడ్డీ, అంటే పీటీవో, దగ్గరికి వచ్చేసరికి 24 మిగిలితే గొప్ప. దానికి నాలుగడుగుల రోటావేటరు మించి వద్దు. నాలుగడుగులంటే 1.2 మీటర్లు. గంటకు 3 కిలోమీటర్ల చొప్పున నడిపితే 3,600 చదరపు మీటర్లు దున్నుతుంది. మలుపులకీ, చాలు మీద చాలు పడేదానికీ పావువంతు తీసెయ్. ఎకరం 4,047 చదరపు మీటర్లు కదా, అంటే గంటన్నర పని. నువ్వు కూరగాయలు వేస్తానన్నది ఒక్క ఎకరమే. రెండుసార్లు తిప్పినా మూడు గంటలు, ఏడాదికి రెండు పంటలకు ఆరు గంటలు. ఆరు గంటల పని కోసం గేర్‌బాక్సూ బేరింగులూ బ్లేడ్లూ ఉన్న యంత్రాన్ని ఏడాది పొడుగునా మేపుతావా? అద్దెకు తెచ్చుకో. పైగా ఏటా అదే లోతులో తిప్పుతూ పోతే పైమట్టి పిండైపోయి కింద గట్టిపొర కడుతుంది. తుంగ, గరిక ఉన్న చోటైతే వాటిని ముక్కలు చేసి పొలమంతా నాటినట్టే.

మిగతా వాటికీ ఇదే లెక్క వెయ్యి. ఏడాదిలో ఎన్ని గంటలు పని చేస్తుందో కాగితం మీద రాయి. ఆగరు మొక్కలు నాటే రెండు రోజులే, అద్దె. డిస్కు నాగలికి బరువైన ట్రాక్టరు ఉండాలి, కొట్టెయ్. గొర్రు మాత్రం కొను, ఐదు పళ్లది చాలు. అందులో తిరిగే భాగాలేం లేవు, పారలు ఒక కొస అరిగితే తిప్పి బిగించుకునే రకాలున్నాయి. పాతదైనా పరవాలేదు. ఫ్రేము వంకర పోయిందా, వెల్డింగు అతుకులు ఎన్ని ఉన్నాయి, అంతే చూడు. బ్లేడుతో బాట చదును చేసుకోవచ్చు, నీళ్లు పోయే కాలువ తీసుకోవచ్చు. ట్రాలీ అయితే వారానికోసారైనా కదులుతుంది. చిన్నదే తీసుకో. బ్రేకుల్లేని ట్రాలీలో ట్రాక్టరు కంటే ఎక్కువ బరువు ఎక్కిస్తే, పల్లంలో అదే నిన్ను తోసుకుపోతుంది.

ఇప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. ఒకప్పుడు చౌకగా వస్తోందని ఆరడుగుల పాత రోటావేటరు కొన్నాను. నా ట్రాక్టరు కూడా నీదంత చిన్నదే. మొదటిరోజు పైకెత్తి గట్టెక్కుతుంటే ముందు చక్రాలు తేలిపోయాయి. స్టీరింగు తిప్పుతున్నాను, బండి నా మాట వినడం లేదు. పనిముట్టును ఎత్తి దించే లిఫ్టును గభాల్న దించాను కాబట్టి బతికిపోయాను. అమ్మినవాడు "లిఫ్టు ఎత్తుతుంది సార్" అన్నాడు, అబద్ధం కాదు, ఎత్తింది. ఎత్తాక ముందు బరువు మిగలాలని చెప్పలేదు, నేను అడగలేదు. ట్రాక్టరు మొత్తం బరువులో కనీసం అయిదో వంతు ముందు ఇరుసు మీద ఉండాలి. లిఫ్టు ఎత్తగల బరువు కూడా ఎక్కడ కొలిచారో చూడు. లిఫ్టు కింది చేతుల చివర కొలిచి రాసిన అంకె, అక్కడికి 610 మిల్లీమీటర్ల వెనక తగ్గిపోతుంది. పనిముట్టు బరువంతా ఉండేది ఆ వెనకే.

పనిముట్టును ట్రాక్టరుకు తగిలించే పిన్నుల లావు కూడా ఓ హెచ్చరికే. ఆ తగిలింపు సైజుల్లో నీ ట్రాక్టరుది కేటగిరీ 1 అయి ఉంటుంది. కింద పిన్నులు 22 మిల్లీమీటర్లు, పైన మధ్యలో ఉండే కడ్డీ, టాప్ లింకుది 19. కేటగిరీ 2 అయితే 28, 25. పిన్ను దూరలేదంటే ఆ పనిముట్టు నీ బండికి బరువెక్కువై ఉంటుంది. రంధ్రం పెద్దది చేయించి తగిలించేవాళ్లను చూశాను, నువ్వు ఆ పని చెయ్యకు.

ఇంకోటి, టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచుకు టేపు పెట్టు. దున్నే పనిముట్టు దానికంటే తక్కువ వెడల్పు ఉంటే టైరు తొక్కిన జాడ అలాగే మిగిలిపోతుంది. తప్పనప్పుడు ఒక పక్కకి జరిపి తగిలిస్తే కనీసం ఒక టైరు జాడైనా చెరుగుతుంది.

మొద్దులూ బండరాళ్లూ లాగాల్సి వస్తే గొలుసు ట్రాక్టరు వెనక కిందుగా ఉండే లాగుడు పట్టీకే, అంటే డ్రాబారుకే కట్టాలి. టాప్ లింకుకో, ఇరుసు కంటే ఎత్తుగానో కడితే ట్రాక్టరు ముందుభాగం లేచి వెనక్కి నీ మీదే పడుతుంది. కన్ను మూసి తెరిచేలోపే అయిపోతుంది, క్లచ్ తొక్కే వ్యవధి ఉండదు.

అద్దె యంత్రం వచ్చినప్పుడు, పీటీవో నుంచి దాన్ని తిప్పే షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు లేకపోతే వెనక్కి పంపించు. మొహమాటపడకు. అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుందంటే సెకనుకు తొమ్మిది. విడిచిన జుట్టో, చొక్కా కొసో అందితే చెయ్యి వెనక్కి తీసుకునే లోపే చుట్టేస్తుంది. పనిముట్టును కిందికి దించీ, పైకి ఎత్తీ రెండు చోట్లా షాఫ్టు చూడు. షాఫ్టులోని రెండు గొట్టాలూ ఒకదానిలో ఒకటి మూడో వంతైనా దూరి ఉండాలి. ఇంజను ఆపకుండా దాని దగ్గర వంగకు.

స్లాషరు సంగతి నేనింకా తేల్చుకోలేదు. మొక్కల వరసల మధ్య గడ్డి పెంచుతావా, దున్నేస్తావా అన్నదాన్ని బట్టి ఉంటుంది. టైర్ల వెడల్పు, పిన్ను లావు, లిఫ్టు బరువు, వరసల మధ్య దూరం, ఈ నాలుగూ కొలిచి రాసి పంపు. అప్పటిదాకా అడ్వాన్సు ఎవరికీ ఇవ్వకు.

మీ బాబాయి