డిజేబుల్ చేసిన సర్వీస్ రీబూట్ తర్వాత మళ్లీ ఎందుకు లేస్తోంది, నా అప్లికేషన్ ఎందుకు లేవట్లేదు?

మీరు అడిగినవి రెండు వేర్వేరు సమస్యలు. డాకర్ (అప్లికేషన్లను కంటైనర్లు అనే విడి పెట్టెల్లో నడిపే ప్రోగ్రామ్) వద్దని డిజేబుల్ చేసినా సర్వర్ రీబూట్ అయ్యాక మళ్లీ నడుస్తూ కనిపిస్తోంది, మీ సొంత అప్లికేషన్ మాత్రం చేత్తో స్టార్ట్ చేస్తే తప్ప లేవట్లేదు. ఈ రెండూ నేను ఒకే సర్వర్ మీద పడ్డాను. మీది సిస్టమ్‌డీ (బూట్‌లో సర్వీసులను లేపి నడిపించే ప్రోగ్రామ్) ఉన్న లినక్సే అనుకుని రాస్తున్నాను, 2015లో వచ్చిన డెబియన్ 8, ఉబుంటు 15.04 నుంచి అదే డిఫాల్ట్ కదా.

డిజేబుల్ అంటే "ఇక లేవదు" అని నేనూ అనుకున్నాను. ఎనేబుల్ చేసినప్పుడు జరిగేది, బూట్‌లో చూసే ఫోల్డర్‌లో ఒక సింబాలిక్ లింక్ (వేరే ఫైల్‌ను చూపించే షార్ట్‌కట్) పెట్టడం. డిజేబుల్ ఆ లింక్ తీసేస్తుంది, అంతే. ఇంకో సర్వీస్ దాన్ని కావాలని అడిగినా, దాని సాకెట్ యూనిట్ (కనెక్షన్ వస్తే సర్వీస్‌ను లేపేది; సిస్టమ్‌డీ చూసుకునే ప్రతిదాన్నీ యూనిట్ అంటారు) ఎనేబుల్‌గా మిగిలిపోయి ఎవరైనా ఆ సాకెట్‌ను తట్టినా అది మళ్లీ లేస్తుంది. డాకర్‌కు సర్వీస్ వేరు, సాకెట్ వేరు. నేను సర్వీస్ ఒక్కదాన్నే డిజేబుల్ చేశాను, ఐదు నిమిషాలకోసారి నడిచే మానిటరింగ్ స్క్రిప్ట్‌లో డాకర్ కమాండ్ ఒకటి ఉండిపోయి సాకెట్‌ను తడుతూ వచ్చింది (అది రాసింది కూడా నేనే). అందుకని సాకెట్‌ను కూడా డిజేబుల్ చేయండి. ఏం చేసినా ఆగకపోతే మాస్క్ చేయండి, అది యూనిట్‌ను డెవ్ నల్ అనే ఏమీ లేని ఫైల్‌కు కట్టేస్తుంది కాబట్టి చేత్తో స్టార్ట్ చేసినా లేవదు. కాకపోతే మాస్క్ చేసే ముందు సిస్టమ్‌సీటీఎల్ (సిస్టమ్‌డీకి ఆదేశాలిచ్చే కమాండ్) లిస్ట్-డిపెండెన్సీస్‌కు రివర్స్ ఆప్షన్ ఇచ్చి దాని మీద ఎవరు ఆధారపడి ఉన్నారో చూడండి, లేకపోతే దాంతోపాటు ఇంకేదో పడిపోతుంది.

ఇక మీ అప్లికేషన్. అసలు ఎనేబుల్ చేశారా? నవ్వకండి, నేను స్టార్ట్ మాత్రమే చేసి నెలల తరబడి హాయిగా ఉన్నాను, కెర్నల్ అప్‌డేట్ కోసం రీబూట్ చేసిన రాత్రి గానీ తెలియలేదు. ఎనేబుల్‌కు నౌ ఆప్షన్ కలిపి ఇస్తే రెండూ ఒకేసారి అయిపోతాయి.

ఎనేబుల్ అయ్యి ఉండి కూడా బూట్‌లో పడిపోతోందంటే, చాలాసార్లు అది తొందరపడి లేస్తోందని అర్థం. యూనిట్ ఫైల్‌లో (సర్వీస్ సెట్టింగులు రాసే ఫైల్) ఆఫ్టర్ దగ్గర నెట్‌వర్క్ టార్గెట్ (బూట్‌లో ఒక మైలురాయి) అని రాస్తే నెట్‌వర్క్ సిద్ధమయ్యాకే లేస్తుందని అందరం అనుకుంటాం, కానీ ఆ టార్గెట్ ఐపీ వచ్చిందని హామీ ఇవ్వదు. ఫలానా ఐపీ మీదే వినాల్సిన ప్రోగ్రామ్ అయితే నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్‌ను ఆఫ్టర్‌లోనూ వాంట్స్‌లోనూ రెండింట్లో పెట్టాలి, ఎందుకంటే ఆఫ్టర్ వరుస మాత్రమే చెబుతుంది, ఎవరినీ లేపదు, లేపమని అడిగేది వాంట్స్. డేటా వేరే డిస్క్ మీద ఉంటే ఆ డిస్క్ మౌంట్ అయ్యాకే లేవమనే రిక్వైర్స్-మౌంట్స్-ఫర్ అని ఒక లైన్ ఉంది, అది వాడండి. నేను మొదట్లో స్క్రిప్ట్ పైన స్లీప్ 30 పెట్టి నెట్టుకొచ్చాను, డిస్క్ చెకింగ్‌కు ఎక్కువ సమయం పట్టిన రోజున అదీ చాలలేదు.

పడిపోతే మళ్లీ లేపమని రీస్టార్ట్ ఆన్-ఫెయిల్యూర్ పెట్టినా లేవట్లేదని కొందరు తల పట్టుకుంటారు. మళ్లీ ప్రయత్నించే ముందు డిఫాల్ట్‌గా 100 మిల్లీసెకన్లే ఆగుతుంది, 10 సెకన్లలో 5 సార్లు స్టార్ట్ చేసి పడిపోతే ఇక వదిలేస్తుంది. అంటే డేటాబేస్ లేచే లోపే మీ అప్లికేషన్ అవకాశాలన్నీ అయిపోతాయి. ప్రయత్నాల మధ్య 5 సెకన్లు ఆగేలా రీస్టార్ట్‌సెక్ 5 అని పెట్టండి, ఆ పరిమితి తగలదు. ఈ మార్పులు సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో చేస్తే ప్యాకేజీ అప్‌డేట్ వచ్చినా చెరిగిపోవు. ఫైల్‌ను నేరుగా మారిస్తే మాత్రం సిస్టమ్‌డీ దాన్ని మళ్లీ చదివేలా డీమన్-రీలోడ్ ఇవ్వడం మర్చిపోవద్దు.

చేత్తో నడిచి బూట్‌లో నడవకపోవడానికి ఇంకో కారణం ఎన్విరాన్‌మెంట్. మీ బ్యాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరిస్తే చదివే సెట్టింగుల ఫైల్) పెట్టుకున్న పాత్, పాస్‌వర్డ్ వేరియబుల్స్ సర్వీస్‌కు కనిపించవు, వర్కింగ్ డైరెక్టరీ కూడా రూట్ ఫోల్డర్ (/) అవుతుంది. యూనిట్ ఫైల్‌లోనే అన్నీ పూర్తి పాత్‌లతో ఇవ్వండి.

లాగ్‌లో "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అని వస్తే ఆ పోర్టును ఎవరో ముందే పట్టుకున్నారని, చాలాసార్లు అది అదే ప్రోగ్రామ్ రెండో కాపీ. నా సర్వర్‌లో పాత క్రాన్‌ట్యాబ్‌లో (కమాండ్లు వాటంతటవే నడిచేలా రాసుకునే జాబితా) ఎట్-రీబూట్ లైన్ ఒకటి మిగిలిపోయి రెండు రోజులు టెన్షన్ పెట్టింది. ప్రతి యూజర్ క్రాన్‌ట్యాబ్, ఆర్‌సీ డాట్ లోకల్ (బూట్‌లో నడిచే పాతకాలపు స్క్రిప్ట్), డాకర్ వాడే సర్వర్ అయితే కంటైనర్ల రీస్టార్ట్ పాలసీలు, అన్నీ ఒకసారి వెతకండి.

ఇవన్నీ అయ్యాక మీరు తీరిగ్గా కూర్చున్న సమయంలో నిజంగానే రీబూట్ చేయండి, స్టాప్ చేసి స్టార్ట్ చేస్తే వీటిలో చాలావరకు బయటపడవు. లేచాక సిస్టమ్‌సీటీఎల్‌కు ఫెయిల్డ్ ఆప్షన్, లాగ్ చూపించే జర్నల్‌సీటీఎల్‌కు బి ఆప్షన్ (ఈ బూట్ వరకు) ఇచ్చి చూడండి. బూట్ నెమ్మదిగా ఉందనిపిస్తే సిస్టమ్‌డీ-అనలైజ్ బ్లేమ్ (ఎవరికెంత సమయం పట్టిందో చెప్పే జాబితా) కంటే క్రిటికల్-చైన్ (ఎవరి కోసం ఎవరు ఆగారో చూపేది) చూడటం మేలు. సర్వీసులు పక్కపక్కనే లేస్తాయి కాబట్టి బ్లేమ్‌లో పైన ఉన్నదే బూట్‌ను ఆపిందని అనుకోనక్కర్లేదు.