షుగర్ మీద రీసెర్చ్ చేస్తే ప్రాక్టీస్ వదిలేయాలా?

ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వాళ్లమ్మాయి మెడిసిన్ ఫైనల్ ఇయర్. రాయ్ టేలర్ అనే ప్రొఫెసర్ షుగర్ జబ్బు మీద వేసిన పేపర్ల లిస్ట్ చూపించి నేనూ ఇలాంటి పనే చేస్తా అంటోందట. ఆ లిస్ట్ పొడుగు చూసి ఆవిడకి కంగారు పుట్టింది, ఇన్నేళ్లు చదివి డాక్టరయ్యాక పేషెంట్లని వదిలేసి ల్యాబ్‌లో కూర్చుంటుందా, ఎప్పటికి సెటిలవుతుంది అని.

అమ్మా, ముందు ఆ భయం సంగతి చూద్దాం. టేలర్ గారు కూడా డాక్టరే, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీలో మెడిసిన్, మెటబాలిజం ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఆయన వెంటపడిన ప్రశ్న కూడా పేషెంట్ల నుంచి వచ్చిందే. బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే షుగర్ నార్మల్‌కి వచ్చేస్తోంది, ఎందుకు? ఇలాంటి ప్రశ్న పేషెంట్లని చూసినవాళ్లకే తడుతుంది, అందుకే మీ అమ్మాయి క్లినిక్ వదలక్కర్లేదు, వదలకూడదు కూడా.

ఇక ఆ లిస్ట్. ఎన్ని పేపర్లున్నాయో లెక్కపెట్టొద్దని చెప్పండి, పాతదాని నుంచి కొత్తదానికి వరసగా చదవమనండి. 2008లో ఆయనొక ఊహ రాశారు: లివర్‌లో కొవ్వు పేరుకుంటే అది పాంక్రియాస్ దాకా పాకి ఇన్సులిన్ తయారీని దెబ్బతీస్తుంది, ఆ కొవ్వు తీసేస్తే టైప్ 2 షుగర్ (పెద్దయ్యాక ఎక్కువగా వచ్చే రకం) వెనక్కి తిరగాలి కదా అని. 2011లో ఆ ఊహని పరీక్షించింది కేవలం 11 మంది మీద, 8 వారాల పాటు రోజుకి దాదాపు 600 క్యాలరీలే ఇచ్చి, ఎమ్మారై స్కాన్‌లో లివర్, పాంక్రియాస్ కొవ్వు కొలుస్తూ. వారం తిరిగేసరికి పరగడుపు షుగర్ నార్మల్. అక్కడితో ఆగిపోయి పేరు తెచ్చుకోవచ్చు, కానీ ఆగలేదు, 2017లో వేరే యూనివర్సిటీ వాళ్లతో కలిసి 306 మందితో డైరెక్ట్ అనే ట్రయల్ ఫలితాలు ఇచ్చారు, ఆహారం మార్చిన గ్రూపులో ఏడాదికి 46 శాతం మందికి మందులు లేకుండా షుగర్ అదుపులోకొచ్చింది, మామూలు చికిత్సలో ఉన్నవాళ్లలో అది 4 శాతమే. రెండేళ్లకి ఆ 46 కాస్తా 36కి దిగింది, దిగిన నంబరూ పేపర్లో వేశారు. నాకైతే ఆ మనిషి మీద గౌరవం పెరిగింది అక్కడే. ఒక్క ప్రశ్న పట్టుకుని ఇన్నేళ్లు నడిచారన్నమాట, లిస్ట్ పొడుగు దానంతటదే వచ్చింది.

ఇంకోటి చూడమనండి, 2011 పేపర్లో మొదటి పేరు టేలర్‌ది కాదు, ఆయనది చివర్లో ఉంటుంది. ఈ రంగంలో మామూలుగా మొదటి పేరు పని ఎక్కువ చేసినవాళ్లది, చివరి పేరు నడిపించిన సీనియర్‌ది. కాబట్టి గైడ్‌ని ఎంచుకునేటప్పుడు ఆయన ఎంత ఫేమస్ అని కాకుండా, ఆయన దగ్గర చేరిన జూనియర్లకి మొదటి పేరు దక్కిందా, వాళ్లు ఇప్పుడెక్కడున్నారు అని ఆరా తీయాలి. గైడ్ సరిగ్గా కుదరక మంచి మంచి పిల్లలు ఏళ్లు పోగొట్టుకోవడం చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

అన్నిటికంటే ముందు ఆ పని రోజూ ఎలా ఉంటుందో తనే చూడాలి. క్లాంప్ అని ఒక టెస్ట్ ఉంది, డిఫ్రాంజో అనే డాక్టర్ టీమ్ 1979లో వివరంగా రాసింది, ఇన్సులిన్ ఒంట్లో ఎంత బాగా పనిచేస్తుందో కొలవడానికి ఇప్పటికీ అదే కొలబద్ద. ఒక చేతికి ఇన్సులిన్, గ్లూకోజ్ ఎక్కిస్తారు, రెండో చెయ్యి వెచ్చటి పెట్టెలో ఉంటుంది, అయిదు నిమిషాలకోసారి అందులోంచి రక్తం తీసి, రీడింగ్ చూసి, షుగర్ కదలకుండా గ్లూకోజ్ పంపు స్పీడు పెంచుతూ తగ్గిస్తూ రెండు గంటలు మంచం పక్కనే ఉండాలి. గ్లూకోజ్ ఎంత ఎక్కువ పడితే ఇన్సులిన్ అంత బాగా పనిచేస్తున్నట్టు. ఒకటి రెండు సార్లు ఇలా పక్కన కూర్చుంటే తనకే తెలిసిపోతుంది, ఇది తనకి నచ్చే పనో కాదో.

టైమ్ విషయం దాచను. స్పెషలైజేషన్ చేసి ఆ తర్వాతో మధ్యలోనో పీహెచ్‌డీకి మూడు నాలుగేళ్లు, ఆ కాలంలో ప్రాక్టీస్‌లో ఉన్న క్లాస్‌మేట్స్ కంటే సంపాదన తక్కువే ఉంటుంది, అది ఇంట్లో ముందే మాట్లాడుకోండి. స్టాటిస్టిక్స్ మాత్రం ఇప్పట్నుంచే మొదలుపెట్టమనండి, అది లేకుండా పేపర్ రాయడం కాదు కదా చదవడం కూడా కష్టం.

ఫైనల్ పరీక్షలయ్యాక ఆ 2011 పేపర్లో పద్ధతుల భాగం ఒక్కటి నిదానంగా చదివి, అందులో ఏ కొలత తన చేత్తో నేర్చుకోవాలనిపించిందో నాకు రాయమనండి. ఏ ల్యాబ్‌లో అడగాలన్నది దాన్ని బట్టి చెప్తాను.