సలహాలు అమ్ముకునే ఉద్యోగం

ప్రశ్న: మాది బరంపురం. భువనేశ్వర్‌లో ఎంబీఏ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. హైదరాబాద్‌లో ఒక కన్సల్టింగ్ కంపెనీ నుంచి, రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీ అకౌంట్స్ విభాగం నుంచి ఆఫర్లు వచ్చాయి. మొదటిదాంట్లో జీతం బాగా ఎక్కువ. నాన్నగారేమో "ఒకరికి సలహాలు చెప్పడం కూడా ఉద్యోగమేనా?" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: మీ నాన్నగారు నయమమ్మా. నేను కన్సల్టింగ్‌లో చేరినప్పుడు పర్లాకిమిడిలో మా అమ్మ "నిన్న గాక మొన్న పుట్టినోడివి, నీ సలహాకి డబ్బులెవులిస్తార్రా?" అంది. నిజమే, ఎవరూ ఇవ్వరు. సలహా చెప్పేది పార్టనర్, అంటే కంపెనీలో వాటా ఉన్న పెద్దాయన. కొత్తవాళ్లం లెక్కలు పోగుచేసి స్లైడ్లు కడతాం.

నా మొదటి ప్రాజెక్టు ఒడిశాలోనే ఒక ఫ్యాక్టరీ. స్పేర్ పార్టుల స్టోర్‌లో సరుకు ఎందుకు తగ్గుతోందో తేల్చాలి. మా టీమంతా ఏసీ గదిలో సాఫ్ట్‌వేర్ లెక్కలతో కుస్తీ పడుతోంది. నేను టీ వంకన వెళ్లి స్టోర్‌కీపర్‌ని ఒడియాలో పలకరించాను. ఆయన ఎగాదిగా చూసి, సొరుగులోంచి అట్ట ఊడిన పొడుగు నోటుపుస్తకం తీశాడు. రాత్రి షిఫ్టువాళ్లు ఇండెంటు (సరుకు కావాలని రాసిచ్చే చీటీ) లేకుండా పట్టుకెళ్లిన బేరింగులన్నీ తేదీలతో సహా అందులో ఉన్నాయి. కంప్యూటర్‌లో ఒక్కటీ లేదు! ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడే మనం ఆ సంగతి రెజ్యూమెలో ఆఖరి వరుసలో పడేస్తాం. మీరు పైకి తెండి.

ఆ నోటుపుస్తకం మేం క్లయింటుకు చూపించే స్లైడ్లలో పద్నాలుగోది అయింది. ప్రాజెక్టు ముగిసింది, పెట్టె సర్దుకుని వచ్చేశాం. రెండేళ్ల తర్వాత అటు వెళ్తే అదే స్టోర్, అదే నోటుపుస్తకం. అట్ట మాత్రం కొత్తది వేయించాడు. నన్ను ఈ ఉద్యోగంలో బాగా కుంగదీసింది నిద్రలేమి కాదు, ఇదే. చెప్పి వచ్చేస్తాం, జరిగిందో లేదో చూడం. ఫ్యాక్టరీలో అయితే మీ పని మీ కళ్లముందే ఉంటుంది.

నిద్ర సంగతీ చెప్పాలి. అమెరికా క్లయింటయితే న్యూయార్క్‌లో ఉదయం పదికి మీటింగంటే మనకు వేసవిలో రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. ప్రాజెక్టు లేకపోతే బెంచ్, అంటే పని కోసం ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చోవడం. విశ్రాంతే అనుకుంటారు కానీ, ఎన్ని గంటలు క్లయింటుకు బిల్లయ్యాయన్నది అప్రైజల్‌లో, అంటే మన పనికి మార్కులేసేటప్పుడు చూస్తారు. మీ ఊళ్లో అమ్మవారి పండుగ ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారే కదా. దానికైనా సెలవు దొరుకుతుందని నేను మాటివ్వలేను.

అయినా చేరమనే అంటాను, మూడేళ్లకి. నాలుగు రకాల వ్యాపారాలు లోపలినుంచి చూస్తారు, పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల ముందు తడబడకుండా మాట్లాడటం వస్తుంది. తర్వాత ఫ్యాక్టరీకి వెళ్లినా మరో మెట్టు పైన చేరొచ్చు.

సంతకానికి ముందు హెచ్ఆర్‌ని ఒక్కటి గట్టిగా అడగండి: నేను క్లయింటుతో మాట్లాడే టీమా, వెనక ఉండి సాఫ్ట్‌వేర్ ఎక్కించే టీమా, ఆడిట్ పనా? బయటికి అన్నీ కన్సల్టింగే. బాండు (ఇన్నాళ్లు మానకూడదన్న ఒప్పందం), నోటీసు కాలం, షిఫ్టు వేళలు మెయిల్‌లో రాయించుకోండి. వెనక టీమే అని చెబితే మాత్రం నా ఓటు రాయగడకే.