“ద హూ సెల్ అవుట్” ఆల్బమ్‌లో పాటల మధ్య రేడియో ప్రకటనలు ఎందుకు వస్తాయి?

ఆ ఆల్బమ్‌ను ఒక రేడియో స్టేషన్ ప్రసారంలా వినిపించాలన్నది బ్రిటన్ రాక్ బృందం ద హూ ఆలోచన. 1960లలో బ్రిటన్‌లో రేడియో అంటే దాదాపుగా బీబీసీయే. రాక్ సంగీతానికి అందులో దక్కే సమయం చాలా తక్కువ. ఆ లోటు తీర్చినవి సముద్రంలో లంగరు వేసిన ఓడల నుంచి అనుమతి లేకుండా ప్రసారం చేసిన పైరేట్ స్టేషన్లు. వాటికి ప్రకటనలే ఆదాయం. 1967 ఆగస్టులో కొత్త చట్టం అమల్లోకి రావడంతో అవి చాలావరకు మూతపడ్డాయి, వాటిలో ఒకటైన రేడియో లండన్ కూడా. డిసెంబరులో విడుదలైన ఈ ఆల్బమ్‌లో రేడియో లండన్ అసలు జింగిల్సే, అంటే స్టేషన్ తన కోసం వాడుకున్న చిన్న పాట ముక్కలే, వినిపిస్తాయి. అందుకే నాకిది వెక్కిరింత కన్నా నివాళిగానే ఎక్కువ తోస్తుంది.

బీన్స్ డబ్బా, మొటిమల క్రీము, గిటార్ తీగలు వంటి సరుకుల ప్రకటనలను మాత్రం బృందమే అల్లింది. వాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది బృందం గిటారిస్టు పీట్ టౌన్షెండ్ రాసిన “ఒడొరోనో”. ఒక గాయని వేదిక మీద మెప్పిస్తుంది. ఆమె మనసు పడ్డ మనిషి దగ్గరకొచ్చి, ఆమె చెమట వాసనకు వెనుదిరుగుతాడు. ఆమె బాధలో మనం మునిగి ఉండగా, చివర్లో అది డియోడరెంట్ ప్రకటన అని తెలుస్తుంది. రెండు నిమిషాల పైచిలుకు పాటలో నిజమైన జాలి, నిజమైన అమ్మకం రెండూ ఉన్నాయి.

ఆల్బమ్ అట్ట మీద బృందం గాయకుడు రోజర్ డాల్ట్రీ బీన్స్ నిండిన తొట్టెలో కూర్చుని ఉంటాడు.

రికార్డు రెండో వైపు కొంత సాగాక ప్రకటనలు దాదాపుగా ఆగిపోతాయి. ఆ ఊహను చివరిదాకా నడపలేదన్నదే నాకున్న ఒకే ఒక్క అసంతృప్తి.