షుగరు మాత్రకి బీమా రాదా?

ప్రశ్న: మాది బొబ్బిలి. నాకు 63 ఏళ్లు. మూడేళ్లుగా జార్డియెన్స్ 25 రోజుకొకటి వేసుకుంటున్నాను. మాత్ర 60 రూపాయల దాకా పడుతోంది, అంటే నెలకి 1,800. ఏటా ప్రీమియం కడుతున్నాను కదా అని, బిస్కట్ డబ్బాలో దాచిన బిల్లులన్నీ పంపితే, బీమావాళ్లు ‘అడ్మిషన్ లేదు’ అని ఒక్క ముక్కతో తిప్పి పంపేశారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అలాంటి డబ్బా మా ఇంట్లోనూ ఉందండి, అది చక్కెర బిస్కట్లదే కావడం వేరే విషయం. మీ కోపం అర్థమైంది. కానీ మామూలు పాలసీ ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే. చేరే ముందూ, డిశ్చార్జి తర్వాతా కొన్నాళ్ల మందులు అందులో కలుస్తాయి. నెలనెలా ఇంట్లో మింగే మాత్రలకి ఓపీడీ కవర్, అంటే ఆసుపత్రిలో చేరకుండా అయ్యే ఖర్చులకిచ్చే బీమా, విడిగా ఉండాలి. దాని అదనపు ప్రీమియం, వాళ్లిచ్చే పరిమితి కాగితం మీద వేసి చూసుకోండి. చాలామందికి గిట్టదు.

బీమా కన్నా మీకు పనికొచ్చే సంగతి ఇంకోటుంది. ఆ మాత్రలోని మందు ఎంపాగ్లిఫ్లోజిన్. మన దేశంలో దాని పేటెంట్, అంటే వేరేవాళ్లు తయారుచెయ్యకుండా ఆపే హక్కు, 2025 మార్చిలో తీరిపోయింది. వెంటనే మన కంపెనీలు అదే మందుని తమ పేర్లతో వరసగా దించాయి, కొన్నిటిలో మాత్ర 10 రూపాయల లోపే. చీటీ మీద బ్రాండు పేరుంటే షాపతను అదే ఇస్తాడు. ఈసారి డాక్టరుగారిని మందు పేరే, మిల్లీగ్రాములతో సహా రాయమని అడగండి. మొహమాటపడకండి. మీ అంతట మీరు మాత్రం మార్చొద్దు, ఆపొద్దు. బొబ్బిలిలో దొరక్కపోతే విజయనగరం వెళ్లినప్పుడు రెండు నెలలవి తెచ్చుకోండి, స్ట్రిప్పు మీద ఎక్స్‌పైరీ చూసుకుని.