మెడ డిస్కుకు లేజర్ పనిచేస్తుందా?

ప్రశ్న: నా వయసు 46. నాలుగు నెలలుగా మెడనొప్పి. ఎడమ చెయ్యంతా లాగుతోంది. ఎమ్మారైలో మెడ ఐదు, ఆరు పూసల మధ్య (సీ5-సీ6) డిస్కు ఉబ్బిందన్నారు. బీపీ ఉంది. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకుంటున్నాను. ఈమధ్య చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతోంది. కోత లేకుండా లేజర్‌తో తగ్గుతుందంటున్నారు. చేయించుకోవచ్చా?

జవాబు: లేజర్ గురించి అడుగుతూ మధ్యలో గుండీల మాట అనేసి వెళ్లిపోయారు. నన్ను కంగారు పెట్టింది అదే. చెయ్యి లాగడం సాధారణంగా నరం నొక్కుకోవడం వల్ల. వేళ్ల నేర్పు తగ్గిందంటే వెన్నుపామే నలుగుతోందేమో చూడాలి. పిడికిలి గబగబా మూసి తెరవండి. మామూలుగా 10 సెకన్లలో 20 సార్లు అవుతుంది. అంతకంటే తగ్గితే అనుమానించాలి. 20 సార్లు అయినంత మాత్రాన ఏమీ లేదనీ అనుకోవద్దు. నడకలో తూలు, కాళ్లు బిగుసుకోవడం, మూత్రంలో ఇబ్బంది ఉంటే ఒక్కరోజు కూడా ఆగకండి.

లేజర్ అనే పేరుతో రెండు చికిత్సలున్నాయి. ఫిజియోథెరపీలో చర్మం మీద పెట్టేదానితో నొప్పి కొంతకాలం తగ్గొచ్చు, డిస్కు ఉబ్బు మాత్రం పోదు. రెండోది, సూది ద్వారా డిస్కులోకి లేజర్ పంపి లోపలి గుజ్జును కొద్దిగా ఆవిరి చేయడం. 1986లో నడుము డిస్కుతో మొదలైంది. పై పొర చిరగకుండా ఉబ్బు మాత్రమే ఉన్న కొందరికి పనికొస్తుంది. ముక్క విడిపోయినా, ఎముక పెరిగి దారి ఇరుకైనా, వెన్నుపాము నలుగుతున్నా కుదరదు. సూదే కదా అనుకోవద్దు, ఇన్‌ఫెక్షన్, నరానికి దెబ్బ లాంటి రిస్కులు దీనికీ ఉన్నాయి.

ఇక ఆ మాత్రలు. బీపీ ఉన్న మనిషి డాక్టర్‌ని అడక్కుండా నాలుగు నెలలు వాడతారా? డైక్లోఫెనాక్ లాంటివి బీపీని పెంచుతాయి, కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పైగా నొప్పి అణిగిందని మీరు ఊరుకుంటారు, లోపల ఒత్తిడి అలాగే ఉంటుంది. వెన్నుపాము దెబ్బతిన్నాక ఆపరేషన్ చేసినా పోయిన పట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఈ మాట చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ, నెల ముందు వచ్చుంటే బాగుండేదనిపిస్తుంది.

చూడకుండా ఇంతకుమించి తేల్చలేను. రెండు మూడు రోజుల్లో న్యూరోసర్జన్‌నో, స్పైన్ సర్జన్‌నో కలవండి. రిపోర్టుతో పాటు ఎమ్మారై ఫిల్ములు, మాత్రల అట్టలు పట్టుకెళ్లండి. బీపీ మందు ఆపొద్దు. మాలిష్‌లు, మెడ విరిపించుకోవడాలు వద్దు. డాక్టర్ ముందు కూర్చోగానే గుండీల సంగతి చెప్పండి. లేజర్ గురించి ఆ తర్వాత అడగొచ్చు.