పథకాల డబ్బంతా వడ్డీకే పోతోంది, అప్పు తీర్చాలా బండి కొనాలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర ఒక పల్లె. మా ఆయనకు సొంతంగా ఎకరా ఉంది, ఇంకో రెండెకరాలు కౌలుకు చేస్తాడు. నేను నిమ్మతోటల్లో కోతకు పోతాను. బాబుకు 12 ఏళ్లు, పాపకు 9. ఇద్దరూ గవర్నమెంటు బడిలోనే చదువుతున్నారు. తల్లికి వందనం కింద ఇద్దరికీ కలిపి 26 వేలు నా ఖాతాలో పడింది. ఎకరా మీద పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ వస్తాయి. మా అత్తకు నెలకు 4 వేలు పింఛను. ఇన్ని వస్తున్నా చేతిలో ఏమీ మిగలడం లేదు. రెండేళ్ల కిందట బోరు కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి 60 వేలు తెచ్చాం. నెలనెలా వడ్డీ మాత్రం కడుతున్నాం. ఈ 26 వేలు ముందు కట్టి వాయిదాల మీద బండి తీసుకుందామంటాడు మా ఆయన. ఒంగోల్లో ఉండే మా తమ్ముడేమో, ఇలాంటి ఉచిత డబ్బుకు అలవాటు పడితే మనుషులు సోమరులవుతారని ఫోన్ చేసినప్పుడల్లా అంటాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. 60 వేలకు నూటికి మూడు రూపాయలంటే నెలకు 1,800. ఏడాదికి 21,600. పిల్లలిద్దరి పేరున వచ్చిన 26 వేలల్లో 4,400 తప్ప మిగతాదంతా వడ్డీకే సరి. రెండేళ్లలో 43,200 కట్టి ఉంటారు. అప్పు మాత్రం తెచ్చిన రోజు ఎంతో ఇవాళా అంతే. డబ్బు మిగలకపోవడానికి కారణం ఇదే. మీ దుబారా ఏమీ లేదు ఇందులో.

మీ తమ్ముడి మాట చాలామంది అనేదే. కూలీలు దొరక్కపోయినప్పుడల్లా రచ్చబండ దగ్గర వినపడుతుంది. కానీ పరీక్షించి చూసినచోట్ల ఫలితం వేరేగా వచ్చింది. మధ్యప్రదేశ్‌లో 2011-12లో కొన్ని పల్లెల్లో ఇంటింటికీ ఏ షరతూ లేకుండా నెలనెలా డబ్బిచ్చి చూశారు. పెద్దవాళ్లకు మొదట 200, తర్వాత 300. పిల్లలకు అందులో సగం. జనం పని మానలేదు. కూలికి పోయేవాళ్లు కొందరు సొంత చేనులో ఎక్కువ పని చేసుకున్నారు, తిండి మెరుగుపడింది, అప్పులు తగ్గాయి, తాగుడు పెరగలేదు. వేరే దేశాల్లో నగదు పథకాల మీద జరిగిన అధ్యయనాలు కలిపి చూసినవాళ్లూ ఇంచుమించు ఇదే చెప్పారు. అసలు నెలకు నాలుగు వేల పింఛనుతో ఎవరు సోమరిగా బతకగలరో మీ తమ్ముణ్నే లెక్క వేసి చెప్పమనండి.

అయితే డబ్బు ఖాతాలో పడినంత మాత్రాన ఇల్లు బాగుపడుతుందని నేననను. మూడు రూపాయల వడ్డీ ఉన్న ఇంట్లో ఏ పథకం డబ్బయినా ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్క నుంచి పోతుంది. అందుకే మీ విషయంలో మొదటి పని ఆ అప్పే.

ఏడాదికి మీ ఇంటికి వచ్చేది చూద్దాం. పిల్లలవి 26 వేలు. కేంద్రం ఆరు వేలు, రాష్ట్రం 14 వేలు కలిపి రైతు డబ్బు 20 వేలు. అత్తగారి పింఛను 48 వేలు. మొత్తం 94 వేలు. చూడ్డానికి పెద్ద మొత్తమే, కానీ అందులో సగానికి పైగా అత్తగారిది. అది ఆమె డబ్బు, ఆమె చేతిలోనే ఉండనివ్వండి. బీపీ, షుగర్ మాత్రలకు, కంటి చుక్కలకు కొడుకును అడగక్కర్లేకుండా ఉండడం ఆ వయసులో చిన్న సంగతి కాదు. ఆమె ఇష్టపడి పాలకో పప్పులకో ఇస్తే తీసుకోండి. అప్పు తీర్చడానికి మాత్రం ఆ నాలుగు వేలను లెక్కలోకి తేవద్దు. ఆమె ఏ బంధువుల ఇంటికో వెళ్లి ఒకటో తేదీకి ఊళ్లో లేకపోయినా కంగారు వద్దు, రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెలలో మొత్తం కలిపి తీసుకోవచ్చు.

ఇక బండి. బండి తప్పని నేననను. కోతకు, మార్కెట్‌యార్డుకు తిరిగే ఇంటికి అది అవసరమే. కానీ వాయిదా నెలనెలా కట్టాలి, పథకం ఏడాదికోసారి వస్తుంది, అదీ వస్తేనే. గతం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 2020 జనవరిలో అమ్మఒడి 15 వేలతో మొదలైంది, ఇంట్లో ఎందరు పిల్లలున్నా ఒక్కరికే. ఆ తర్వాత బడి నిర్వహణకని ముందు వెయ్యి, తర్వాత ఇంకో వెయ్యి పట్టుకుని చేతికి 13 వేలే ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారింది, ఆ ఏడాది డబ్బు పడలేదు. 2025 జూన్‌లో తల్లికి వందనం పేరుతో మళ్లీ మొదలై పిల్లలందరికీ వర్తించింది. పేరు, మొత్తం, తేదీ అన్నీ మారుతూ వచ్చిన డబ్బు ఇది. దీన్ని నమ్ముకుని నెలవారీ వాయిదా నెత్తిన పెట్టుకుంటే, డబ్బు పడని ఏడాది ఆ వాయిదా కోసం మళ్లీ మూడు రూపాయల గుమ్మమే ఎక్కాలి. బండి రెండేళ్లు ఆగగలదు.

ఆ 26 వేలను ఇలా పంచమంటాను. 20 వేలు అప్పు అసలు కిందికి. పిల్లలకు నాలుగు వేలు. బ్యాగులు, బూట్లు, యూనిఫాం బడిలోనే ఇస్తారు కాబట్టి అదనపు నోటు పుస్తకాలకు, చిల్లర ఖర్చులకు అది చాలు. ఇంకో 1,162 రూపాయల సంగతి కింద చెబుతాను. మిగిలిన ఎనిమిది వందల చిల్లర ఖాతాలోనే ఉంచండి.

డబ్బు కట్టేటప్పుడు జాగ్రత్త. ఒట్టి చేతులతో ఇచ్చి రావద్దు. ఆ ప్రామిసరీ నోటు బయటికి తీయించి, వెనక తేదీతో సహా ‘అసలు కింద 20,000 చెల్లు’ అని ఆయన చేతనే రాయించి సంతకం చేయించుకోండి. నోటుకు రెండు వైపులా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ నెల వడ్డీ బాకీ ఉంటే ముందు అది విడిగా కట్టేయండి, లేకపోతే మీరిచ్చింది వడ్డీ కింద జమ వేసుకున్నానంటాడు. ‘మన మధ్య రాతలెందుకమ్మా’ అనే పెద్దమనిషి దగ్గర ఇంకొంచెం గట్టిగా ఉండాలి.

మిగిలేది 40 వేలు. దీన్ని మూడు రూపాయల దగ్గర ఉంచొద్దు. మీరు డ్వాక్రా సంఘంలో ఉన్నారో లేదో రాయలేదు. ఉంటే ఇదే సమయం. సంఘాలకు మూడు లక్షల వరకు బ్యాంకులు 7 శాతానికి ఇస్తాయి, అంటే నూటికి నెలకు అరవై పైసలు కూడా పడదు. మీ వాటాగా 40 వేలు తీసుకుని నోటు పూర్తిగా తీర్చేసి, చింపి చేతికి తెచ్చుకోండి. ఆ 40 వేలకు 24 నెలల వాయిదా ఎంతవుతుందో తెలుసా? దాదాపు 1,790. ఇప్పుడు ఉత్త వడ్డీకి కడుతున్నది 1,800. అదే డబ్బుతో రెండేళ్లకు అసలుతో సహా అప్పు పోతుంది. సంఘం తన పొదుపులోంచి రూపాయి వడ్డీకి ఇచ్చినా నెలకు 1,900 దాటదు. సంఘంలో లేకపోతే, చెవుల కమ్మలో గాజులో బ్యాంకులో కుదువ పెట్టినా ఈ మూడు రూపాయల కన్నా చాలా నయం.

సంఘాల సంగతి నెల్లూరు వాళ్లకు వేరే చెప్పాల్సిన పని లేదు నిజానికి. తొంభైల మొదట్లో మీ జిల్లాలోని దూబగుంట పల్లెలో ఆడవాళ్లు సారా అంగడి మూయించడంతో మొదలైన ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా వెళ్లింది. సారాకు పోయే డబ్బును రోజుకో రూపాయి చొప్పున దాచుకుందామని పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టింది ఈ జిల్లాలోనే. పల్లెటూరి ఆడవాళ్ల చేతికి డబ్బొస్తే ఏం చేస్తారో మీ తమ్ముడికి ఈ కథ కూడా చెప్పండి.

రైతు డబ్బు 20 వేలు మూడు విడతలుగా వస్తుంది. మీ ఆయనకు ఇక్కడ ఒక మాట. మీ దగ్గర చాలామంది విత్తనం, ఎరువు, మందు అరువుకు తెచ్చుకుని, పంట రాగానే ఆ అరువిచ్చిన మనిషికే వడ్లు వేస్తారు. అరువు ధర నగదు ధర కన్నా ఎక్కువ. పుట్టి వడ్లకు అతను చెప్పిన రేటే రేటు, తేమ అంటూ కోసేది అదనం. ఎకరాకు మొదటి దఫా యూరియా, డీఏపీ అయినా నగదుకు కొంటే, కనీసం ఆ మేరకు వడ్లు నచ్చినచోట అమ్ముకునే వీలుంటుంది. విడత ఎప్పుడు పడినా ఆ డబ్బును పంట ఖర్చుకే కట్టేయండి. ఎడగారు పంటకు ఆలస్యంగా వస్తే పెద్ద పంటకు పనికొస్తుంది. మీ కౌలు రెండెకరాల మీద పీఎం కిసాన్ మీకు రాదు, అది భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకే. పెట్టుబడి మీది, సాయం ఇంకొకరిది. ఈ పథకంలో నాకు నచ్చనిది ఇదే. కౌలు మాట్లాడుకునేటప్పుడు ఆ సంగతి ఎత్తడంలో తప్పు లేదు.

ఇక 1,162 రూపాయలు. ఇందులో 912 మీ ఇద్దరి బీమాకు. మీ ఖాతా ఉన్న బ్యాంకులోనే 436 రూపాయలకు జీవన్ జ్యోతి, 20 రూపాయలకు సురక్షా బీమా తీసుకోవచ్చు. ఒక్కోదానికి రెండేసి లక్షలు. మొదటిది ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి వస్తుంది, అయితే చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికి మాత్రమే. రెండోది ప్రమాదాలకు. మోటారు దగ్గర కరెంటు షాకు, పాముకాటు ఉన్న పనుల్లో 20 రూపాయలకు ఇంతకన్నా ఏం దొరకదు. ఏటా మే నెలాఖరులో డబ్బు దానంతటదే కోసుకుంటారు కాబట్టి అప్పటికి ఖాతాలో అంత ఉండేలా చూసుకోండి. జీవన్ జ్యోతిలో చేరడానికి వయసు 50 లోపు ఉండాలి.

ఒక్కోసారి డబ్బు మంజూరైందని జాబితాలో ఉంటుంది, ఖాతాలో మాత్రం కనపడదు. ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు ఖాతా జోడిస్తే డబ్బు అందులోకే పోతుంది. ఎప్పుడో ఉపాధి పనికని తెరిచి మరచిపోయిన ఖాతాలో పడి ఉండొచ్చు, అక్కడ అడగండి. వేలిముద్ర వేసి డబ్బు తీసుకునేచోట రసీదు తీసుకోకుండా కదలొద్దు, ‘వేలు పడలేదు, మళ్లీ పెట్టు’ అంటే ముందు ఖాతాలో ఎంత ఉందో చూపించమనండి.

మిగిలిన 250 మీ పాపకు. పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్లు నిండేలోపే తెరవాలి, ఆ తర్వాత కుదరదు. 2024 జనవరి నుంచి దాని వడ్డీ 8.2 శాతం, ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. మీరు ఏడాదికి 36 శాతం వడ్డీ కడుతూ 8.2 శాతానికి వేలకు వేలు దాచడంలో అర్థం లేదు కాబట్టి ఇప్పుడు 250 మాత్రమే వేసి ఖాతా బతికించుకోండి. ఏడాదికి అంత వేస్తే చాలు, అప్పు తీరాక పెంచవచ్చు. పాప పుట్టినరోజు ఎప్పుడో రాయలేదు మీరు. జనన ధ్రువపత్రం, మీ ఆధార్ పట్టుకుని ఈ వారంలోనే పొదలకూరు పోస్టాఫీసుకు వెళ్లండి.